సైకిల్ ఎవరిది?

(జూన్ 3, ప్రపంచ సైకిల్ దినం నాడు గుంటూరు బ్రాడీపేటలో జరిగిన ఒక సమావేశంలో, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం.)

పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

సైకిల్ గురించి మాట్లాడడానికి వెళ్తున్నానని పొద్దున మా వీధిలో ఒకాయనతో అంటే, "ఇప్పుడు ఎలక్షన్లేమీ లేవు కదండీ?" అన్నాడు. ఆయన్ని అనాల్సిన పనిలేదు. నలభై ఏళ్లుగా మన ప్రాంతంలో సైకిల్ అంటే ముందు గుర్తొచ్చేది పార్టీ గుర్తే. గోడ మీద బొమ్మ వేసిన సైకిల్ వేరు, గోడకు ఆనించిన సైకిల్ వేరు. నేను మాట్లాడబోయేది రెండోదాని గురించి. నిర్వాహకులు కంగారు పడక్కర్లేదు.

మా నాన్నకు కొత్తపేటలో అద్దె సైకిళ్ల షాపు ఉండేది. షాపంటే పెద్దదేం కాదు. ఒక గది, ముందు రేకుల పంచ, పంచ కింద వరసగా సైకిళ్లు, మూలన నీళ్ల తొట్టి, గోడకు వేలాడే పాత టైర్లు. నేను తర్వాత ఫిజిక్స్ చదువుకుని, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను గానీ, నా చేతికి మొదట వచ్చిన పని పంక్చర్ వేయడం. అందుకని చిన్నతనం, సైకిల్ అనగానే మీకు వచ్చే జ్ఞాపకాలు వేరు, నాకు వచ్చేవి వేరు. మీరు అద్దె ఇచ్చి తొక్కినవాళ్లు. నేను టైము రాసుకున్నవాణ్ణి.

ఇక్కడ అరవై దాటినవాళ్లు చాలామందే కనిపిస్తున్నారు. మీలో పదేళ్ల వయసులో సొంత సైకిల్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఒకరు. ఆ వెనక ఇంకొకరు. ఆయన ఎవరబ్బాయో మనందరికీ తెలుసు కాబట్టి ఆశ్చర్యం లేదు. (నవ్వులు) ఇంత పెద్ద హాల్లో ఇద్దరు. మరి ఇప్పుడు, మీ మనవళ్లలో సైకిల్ లేనివాళ్లు ఎందరు? చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్లలకు సైకిళ్లు దండిగా ఉన్నాయి, పిల్లలు రోడ్డు మీద సైకిల్ తొక్కడం మాత్రం తగ్గింది. అప్పుడు సైకిళ్లు లేవు, ఊరంతా తొక్కేది. నాకు ఈ తిరకాసు గురించే మాట్లాడాలని ఉంది.

అద్దె షాపు ఎలా నడిచేదో ముందు చెబుతాను. ఈ కాలం పిల్లలు కొందరు నమ్మరు కూడా. గంటకు పావలా. ఒక రూళ్ల పుస్తకం ఉండేది. అందులో పేరు, తండ్రి పేరు, సైకిల్ నంబరు, టైము. వెనక మడ్‌గార్డు మీద పెయింటుతో నంబరు రాసి ఉండేది. డిపాజిట్టు లేదు, గుర్తింపు కార్డు లేదు. "ఎవరబ్బాయివి?" అన్న ఒక్క ప్రశ్నతో వ్యవహారం తేలిపోయేది. తండ్రి పేరు చెప్పగానే నాన్న ఆ తండ్రి మొహం గుర్తు తెచ్చుకుని, అప్పు ఎగ్గొట్టే రకమో కాదో చూసుకుని, తలూపేవాడు. షాపు గడియారం ఐదు నిమిషాలు ముందుకు పెట్టి ఉంటుందని పిల్లలందరికీ అనుమానం. వాళ్ల అనుమానం నిజమే. ఊళ్లో దాదాపు ప్రతి అద్దె షాపులోనూ గడియారం అలాగే నడిచేది.

పావలా ఒక్కడి దగ్గర ఉండేది కాదు. నలుగురు కలిసి పోగేసేవాళ్లు. ఒకడు తొక్కుతుంటే మిగతా ముగ్గురూ వెనకాల పరిగెత్తేవాళ్లు. అంటే గంటలో ఒక్కొక్కడు తొక్కింది పావుగంట, పరిగెత్తింది ముప్పావుగంట. పిల్లలకు ఇంతకన్నా మంచి వ్యాయామం ఏ జిమ్ములోనూ చెప్పడం నేను చూడలేదు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం రెండింటికి, రోళ్లు పగిలే ఎండలో, పంచ కింద వరస కట్టేవాళ్లు. అప్పుడే ఎందుకంటే, పెద్దవాళ్లు నిద్రపోయే టైము అదే.

సైకిల్ తిరిగి వచ్చాక నాన్న ముందు చక్రం ఎత్తి ఒకసారి తిప్పేవాడు. బ్రేకు రబ్బరుకు తగిలి టకటకమంటే రిమ్ముకు బెండు పడినట్టే. బెండు తీసినందుకు డబ్బులు విడిగా. ఆ తర్వాత బెల్లు మూత చూసేవాడు. బెల్లు మూతలు తెగ పోయేవి. ఎందుకు పట్టుకెళ్లేవాళ్లో నాకిప్పటికీ అంతుబట్టలేదు. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే తర్వాత చెవిలో చెప్పండి, పేర్లు బయటపెట్టను.

చిన్న సైకిళ్లు ఏ షాపులోనైనా రెండో మూడో ఉండేవి. మిగతావన్నీ పెద్దవాళ్ల సైకిళ్లే. 28 అంగుళాల చక్రాలు, 22 లేదా 24 అంగుళాల ఫ్రేము, బరువు ఇరవై కిలోల పైమాట. ఇంగ్లండ్‌లో పెద్ద మగవాళ్ల కోసం చేసిన నమూనా అది. మనవాళ్లు దాన్ని ఏమీ మార్చకుండా దశాబ్దాల తరబడి అలాగే చేశారు. ఆ సైకిల్ సీటు ఎనిమిదేళ్ల పిల్లాడి గడ్డానికి వస్తుంది. మరి వాడు ఎలా తొక్కాలి? బార్ కింద నుంచి కాలు అవతలికి దూర్చి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి బార్ చుట్టూ వేసి, నడుము పక్కకు వంచి, పెడల్‌ను పూర్తిగా తిప్పకుండా కిందికీ పైకీ ఆడిస్తూ తొక్కేవాడు. హాఫ్ పెడల్. ఆ తర్వాత బార్ మీదికి ఎక్కడం. ఆపైన సీటు. సీటు మీద కూర్చుంటే కాళ్లు అందక అటూ ఇటూ ఊగడం. ఇదొక చదువు. హాఫ్ పెడల్ ఒక క్లాసు, బార్ ఒక క్లాసు, సీటు పై క్లాసు. మోకాళ్లు ఆ బడికి కట్టిన ఫీజు.

నేర్పేవాళ్లు చెప్పేది ఒకటే మాట: "ఎటు పడుతున్నావో అటే తిప్పు." పిల్లాడికి భయం. పడుతున్నప్పుడు ఎవరైనా దానికి ఎదురు తిప్పాలనుకుంటారు. కానీ పడుతున్న వైపుకే హ్యాండిల్ తిప్పితే చక్రాలు వచ్చి ఒంటి బరువు కిందికి చేరతాయి, సైకిల్ లేస్తుంది. మా షాపులో పనిచేసే కుర్రాడికి చదువు రాదు గానీ ఈ సంగతి బాగా తెలుసు. పుస్తకాల్లో చాలాకాలం, తిరిగే చక్రానికి ఉండే జైరోస్కోప్ గుణం, అంటే తిరుగుతున్నంతసేపూ తేలిగ్గా ఒరగని గుణం వల్లనే సైకిల్ నిలబడుతుందని, లేదా ముందు ఫోర్కు వాలు వల్ల నిలబడుతుందని రాశారు. 2011లో కొందరు శాస్త్రవేత్తలు ఈ రెండు గుణాలూ పనిచేయకుండా ఒక చిన్న సైకిల్ బండి తయారుచేసి తోసి వదిలారు. మనిషి లేకుండానే అది పడకుండా పోయింది. 'సైన్స్' అనే పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. వాళ్లు తేల్చిన ముఖ్యమైన విషయం, పడబోతున్న వైపుకు సైకిల్ తనంతట తాను తిరగగలగాలి అని. రెండు వందల ఏళ్ల క్రితం, 1817లో, జర్మనీలో కార్ల్ డ్రైస్ పెడళ్లు లేని మొదటి రెండు చక్రాల బండి చేశాడు. అంత పాత వస్తువు గురించి ఇంకా పరిశోధన నడుస్తోందంటే మా కాలేజీ పిల్లలకు వింతగా ఉండేది.

ఇంట్లో సైకిల్ ఉన్నా అది పిల్లలది కాదు, నాన్నది. ఆయన ఆఫీసు నుంచి వచ్చి నిద్రపోతే, ఆ అరగంట పిల్లలది. ఆ సైకిల్ రావడం కూడా తేలిగ్గా వచ్చేది కాదు. ఎంతోమంది ఇళ్లలో సైకిల్ వచ్చింది పెళ్లిలో. సైకిల్, వాచీ, రేడియో. ఈ మూడూ అడగని అల్లుడు అప్పట్లో ధర్మరాజు కింద లెక్క. ముందు ఒప్పుకోని మామగారు కూడా అలక పాన్పు ఎక్కగానే దిగొచ్చేవాడు. అంటే మన దగ్గర సైకిల్ మొదట ఆటవస్తువుగా రాలేదు, ఆస్తిగా వచ్చింది. ఆయుధపూజ నాడు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కించేవాళ్లు. మునిసిపాలిటీకి దాని మీద పన్ను కట్టి, బిళ్ళ తెచ్చి బిగించుకునేవాళ్లమని నాన్న చెప్పేవాడు. రాత్రిపూట దీపం లేకపోతే ఆపేవాళ్లు. డబుల్స్ తొక్కితే పోలీసు ఆపి, రెండు చక్రాల గాలీ తీసేసేవాడు. ఆ గాలి కొట్టించుకోవడానికి సైకిల్ నడిపించుకుంటూ మా షాపుకే రావాలి. ఆ రకంగా మా కుటుంబానికి పోలీసులు చాలా మేలు చేశారు.

సైకిల్ తొక్కడమే ఒక తమాషాగా టికెట్ లేకుండా చూపించినవాళ్లు ఉన్నారు. పేటలో ఖాళీ స్థలం చూసుకుని, మైకు పెట్టి, ఒక మనిషి రోజుల తరబడి సైకిల్ దిగకుండా గుండ్రంగా తొక్కేవాడు. స్నానం, తిండి, గడ్డం గీసుకోవడం, అన్నీ సైకిల్ మీదే. సాయంత్రాలు ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకోవడం, రికార్డింగ్ డాన్సు. చివరి రోజు దండలు, చందాలు. ఆ దండలకు పది రూపాయల నోట్లు గుచ్చేవాళ్లు. మా షాపు నుంచి నాన్న ఆయనకు ట్యూబు ఉచితంగా ఇచ్చేవాడు, మైకులో షాపు పేరు చెబుతారని.

ఈ సైకిళ్లు ఎక్కడి నుంచి వచ్చేవో కూడా చెప్పాలి. స్వాతంత్ర్యానికి ముందు రాలీ, హంబర్, బీఎస్ఏ, హెర్క్యులస్, ఇవన్నీ ఇంగ్లండ్ నుంచి ఓడల్లో దిగినవే. ఆ తర్వాత దిగుమతులకు కళ్లెం వేసి ఇక్కడే పెద్ద ఎత్తున చేయడం మొదలుపెట్టారు. మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో, హర్యానా సోనీపత్‌లో అట్లాస్ 1951లో, బెంగాల్‌లో ఆసన్‌సోల్ దగ్గర సేన్-రాలీ 1952లో, లూధియానాలో హీరో 1956లో వచ్చాయి. ఇప్పటి పాకిస్తాన్‌లోని కమాలియా నుంచి వచ్చిన ముంజాల్ అన్నదమ్ములు లూధియానాలో సైకిల్ విడిభాగాలు అమ్ముకుంటూ ఆ కంపెనీ పెట్టారు. 1986లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైకిళ్లు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. ఈరోజుకీ చైనా తర్వాత ఎక్కువ సైకిళ్లు తయారయ్యేది మన దేశంలోనే.

ఆ పాత నల్ల సైకిల్ గురించి చిన్నచూపు వద్దు. దాని ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40. బరువు వెనక పడుతుంది కాబట్టి ఎనిమిది ఎక్కువ. ఆ ఎనిమిది చువ్వల మీద ఈ దేశం ఎంత సరుకు మోసిందో ఎవరూ లెక్క కట్టలేదు. పాలక్యాన్లు, బియ్యం బస్తాలు, మంగళగిరి చీరల మూటలు, ఐస్‌ఫ్రూట్ పెట్టెలు, స్టీలు సామాన్లు, కోళ్ల గంపలు. వెనక క్యారేజీ మీద భార్య, ముందు బార్ మీద ఒక పిల్ల, భార్య ఒళ్లో ఇంకో పిల్ల. గుంటూరు ఊరు పళ్లెంలా చదునుగా ఉంటుంది. సైకిల్ దిగి తోసుకుంటూ వెళ్లాల్సి వచ్చేది శంకర్‌విలాస్ ఓవర్‌బ్రిడ్జి మీద ఒక్కచోటే. వానాకాలంలో మూడు వంతెనల కింద నీళ్లు నిలిస్తే సైకిల్ భుజానికెత్తుకునేవాళ్లు. కారుకు ఆ సౌకర్యం లేదు.

మరి ఎందుకు వదిలేశాం? ఎండ అంటారు, దూరాలు పెరిగాయంటారు. ఎండ మనకు కొత్తగా రాలేదు. బెజవాడ ఎండకి తెల్లదొరలు "బ్లేజ్‌వాడ" అని పేరు పెట్టినా, ఆ ఎండలోనే పోస్టుమ్యాన్లు ఊరంతా తిరిగారు. నా ఉద్దేశంలో అసలు సంగతి ఇది: 1980లో టీవీఎస్ 50 మోపెడ్ వచ్చింది. పాలవాళ్లు, చీరలవాళ్లు ముందు దాని మీదికి ఎక్కారు. 1985లో హీరో హోండా వచ్చింది. సైకిళ్లు చేసి పైకి వచ్చిన ముంజాల్ కుటుంబమే, జపాన్ కంపెనీతో కలిసి ఆ బండి తెచ్చి, గుమాస్తాలను సైకిల్ దించింది. వాళ్ల వ్యాపారం వాళ్లది, తప్పు పట్టడం లేదు. దాంతో సైకిల్ కొనలేనివాడు ఉండే దేశం కాస్తా, సైకిల్ మాత్రమే కొనగలిగినవాడు ఉండే దేశం అయింది. అలక పాన్పు మీద సైకిల్ అడిగిన అల్లుడే, ఇరవై ఏళ్లు తిరిగేసరికి, సైకిల్ మీద వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనని సందులోంచి వెళ్లడం నేను చూశాను.

ఇంకోటి మన రెండు ఊళ్లకే ప్రత్యేకం. విజయవాడ, గుంటూరు చుట్టూ రెసిడెన్షియల్ కాలేజీలు లేచాయి. టెన్త్ అయిన పిల్లాణ్ణి హాస్టల్లో వేశాక వాడికి సైకిల్‌తో పనేముంది? మంచం పక్కనే క్లాసు. అంతకన్నా చిన్నవాళ్లకు స్కూలు బస్సు, ఆటో. ఒకప్పుడు ట్యూషన్‌కి, స్కూల్‌కి, లైబ్రరీకి, సినిమాకి సైకిల్ మీద తిరిగే వయసు పన్నెండు నుంచి పద్దెనిమిది. ఆ ఆరేళ్లూ స్కూలు బస్సుల్లోకి, కాలేజీల గేటు లోపలికి వెళ్లిపోయాయి. ఇంటర్ అయ్యాక నేరుగా మోటార్ సైకిల్. మధ్యలో తొక్కాల్సిన కాలమే లేదు. ఈ పిల్లలకు పుట్టినరోజుకు గేర్ల సైకిల్ కొంటాం. అది అపార్టుమెంటు సెల్లార్‌లో దుమ్ము పట్టి, టైర్లు నేలకు అంటుకుని ఉంటుంది. మీ సెల్లార్‌లో ఎన్ని ఉన్నాయో ఇంటికి వెళ్లి చూడండి.

ఇంతవరకు విన్నవాళ్లు సైకిల్ పోయిందని అనుకుంటారు. పోలేదు. 2011 జనాభా లెక్కల్లో, మన దేశంలో 44.8 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. మోటార్ వాహనం, అంటే స్కూటరో బైకో, ఉన్నవి 21 శాతమే. అదే లెక్కల్లో, పనికి సైకిల్ మీద వెళ్లేవాళ్లు రెండున్నర కోట్లకు పైనే అని తేలింది. తర్వాత 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, సగం ఇళ్లలో సైకిల్ ఉంది. బెంగాల్‌లో నూటికి దాదాపు ఎనభై ఇళ్లలో ఉంది. మనం దేశ సగటుకు కిందే ఉన్నాం. అయినా కనిపించకుండా పోయేంత తక్కువేమీ కాదు.

మనకెందుకు కనిపించరంటే, వాళ్ల టైము వేరు. తెల్లారి ఐదింటికి లేచి రోడ్డు మీదికి వెళ్లి నిలబడండి. పేపర్లు వేసే కుర్రాళ్లు, ఇడ్లీ బండికి సామాను తెచ్చేవాళ్లు, నైట్ డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు. ఆరున్నరకు అడ్డా మీదికి వచ్చే తాపీ మేస్త్రీలు, కూలీలు; సైకిల్ హ్యాండిల్‌కు టిఫిన్ క్యారియర్, వెనక క్యారేజీకి తాపీ, గమేళా. మళ్లీ సాయంత్రం ఆరింటికి అటు నుంచి ఇటు. ఆదివారం పొద్దున హెల్మెట్లు పెట్టుకుని, బిగుతు బట్టలేసుకుని ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వెళ్లొచ్చే కుర్రాళ్లను మనం సైక్లిస్టులు అంటున్నాం. మంచిదే, వెళ్లనివ్వండి, నాకు వాళ్లంటే ఇష్టమే. పేపర్లో ఫొటో వాళ్లది వస్తుంది. వాచ్‌మన్‌ను మాత్రం ఎవరూ సైక్లిస్టు అనరు. ఆయన రోజూ తొక్కుతాడు, నెలకోసారి టైర్లు చూపించుకుంటాడు, ఆయన వల్లే ఊళ్లో పంక్చర్ షాపు బతుకుతోంది.

2020 మే నెలలో వీళ్లంతా ఒక్కసారి మన కంటబడ్డారు. లాక్‌డౌన్‌లో చెన్నై నుంచి ఒడిశాకు, బిహార్‌కు వలస కూలీలు కొత్త సైకిళ్లు, పాత సైకిళ్లు కొనుక్కుని, మన మంగళగిరి మీదుగా, పదహారో నంబరు హైవే మీద బారులుగా వెళ్లారు. అదే నెలలో బిహార్‌కు చెందిన జ్యోతి కుమారి అనే పదిహేనేళ్ల అమ్మాయి, దెబ్బ తగిలిన తండ్రిని క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా, పన్నెండు వందల కిలోమీటర్ల దూరం వెళ్లింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు మెచ్చుకోబుద్ధి కాలేదు. ఆ పిల్ల అంత దూరం తొక్కాల్సి రాకూడదు. ఆ తర్వాత కొద్దిరోజులకే, సరిగ్గా జూన్ 3న, అట్లాస్ కంపెనీ తన చివరి పెద్ద ఫ్యాక్టరీలో పని ఆపేసింది. ప్రపంచ సైకిల్ దినం నాడు. ఐక్యరాజ్యసమితి ఆ దినాన్ని ప్రకటించింది 2018లో.

ఆడపిల్లల సంగతి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే మా షాపు పుస్తకంలో ఆడపిల్లల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇవ్వనని నాన్న అనలేదు, అడగడానికే ఎవరూ రాలేదు. ఒకరిద్దరు తమ్ముడి పేరు రాయించి తీసుకెళ్లేవాళ్లు. 1990ల మొదట్లో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్. చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పాలని పెట్టారు. క్వారీల్లో పనిచేసే ఆడవాళ్లు, నర్సులు, అంగన్‌వాడీ వర్కర్లు వేలమంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక చాలామంది మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. అది ఇంకా మేలన్నారు వాళ్లు, బార్ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని.

2006లో బిహార్ ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి రెండు వేల రూపాయలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితం లెక్క కట్టారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య చేరికలో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ మార్పు కనిపించింది. అంటే పిల్లకు చదువు మీద ఇష్టం లేకనో, తల్లిదండ్రులు మూర్ఖులయ్యో కాదు, మధ్యలో ఆ నాలుగైదు కిలోమీటర్లు ఉన్నాయి. మన రాష్ట్రంలోనూ 2017లో "బడికొస్తా" పేరుతో సర్కారు బళ్లలో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఏ పార్టీ ఇచ్చిందన్నది నాకు అనవసరం. ఆ సైకిల్ మీద ఇద్దరు పిల్లలు, వెనకదాని ఒళ్లో రెండు పుస్తకాల సంచులు. పల్లె దారుల్లో ఆ దృశ్యం చూడనివాళ్లు లేరు. డబుల్స్‌కి గాలి తీసే పోలీసు ఇప్పుడు లేడు, సంతోషం.

ఇక రోడ్ల సంగతి. మన దేశంలో ఏటా నాలుగు వేలమందికి పైగా సైకిల్ తొక్కుతూ ప్రమాదాల్లో చనిపోతున్నారు. హాలండ్ ఎప్పటి నుంచో సైకిళ్ల దేశమని మనవాళ్లు అనుకుంటారు. అక్కడా 1950, 60లలో కార్లు వచ్చి సైకిళ్లను పక్కకు నెట్టాయి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు "పిల్లల హత్యలు ఆపండి" అని వీధుల్లోకి వచ్చారు. 1973లో చమురు కరువు వచ్చింది. అప్పుడు ప్రభుత్వం దిగొచ్చి సైకిల్ దారులు వేయడం మొదలుపెట్టింది. అది సంస్కృతి కాదు, పోట్లాడి తెచ్చుకున్నది.

మన పక్కన హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ పలకల నీడతో. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ అక్కడికి చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వెళ్లాలి. పనికి వెళ్లే తాపీ మేస్త్రీకి దానితో పనిలేదు. ఆయనకు కావాల్సింది అరండల్‌పేట రోడ్డు పక్కన మూత ఊడని డ్రెయినేజీ, రాత్రి వెలిగే లైటు, లారీకీ తనకూ మధ్య మూడడుగుల జాగా. ఇంకోటి, సైకిల్ స్టాండు. ఒకప్పుడు ప్రతి సినిమాహాలు ముందు, పెద్దాసుపత్రి ముందు సైకిల్ స్టాండు ఉండేది, దానికి వేలంపాట జరిగేది. రేకు టోకెన్ ఒకటి హ్యాండిల్‌కు, ఒకటి చేతికి. ఇప్పుడు ఏ షాపింగ్ మాల్‌కైనా సైకిల్ మీద వెళ్లి చూడండి. సెక్యూరిటీ అతను ఎక్కడ పెట్టమంటాడో తెలియక తికమకపడతాడు, పాపం. ఆయన సైకిల్ కూడా వెనక గోడవతల, జనరేటర్ పక్కన ఉంటుంది.

సరే, టైము అయిందని చీటీ పంపారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఆ అమ్మ అడుగుతున్నారు, తొమ్మిదేళ్ల అబ్బాయికి ఏ సైకిల్ కొనమంటారు అని.

షాపువాడి కొడుకుని కాబట్టి ఉచితంగా చెబుతాను. మొదటిది, "పెరుగుతాడు కదా" అని పెద్దది కొనకండి. చొక్కా అయితే పరవాలేదు, సైకిల్‌కు అది కుదరదు. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు ఆనాలి. షాపులో పిల్లాణ్ణి ఎక్కించి చూడకుండా కొనొద్దు. రెండు, గుంటూరులో గేర్లు అక్కర్లేదు, ఎక్కడానికి మనకు కొండల్లేవు. గేర్లు, స్ప్రింగుల ఫోర్కు పెట్టి ఆ ధరలో ఇచ్చారంటే బ్రేకుల దగ్గరో బేరింగుల దగ్గరో కోత పెట్టి ఉంటారు, పైగా బరువు. మూడు, మడ్‌గార్డులు, చైన్ కవరు ఉన్నది తీసుకోండి. లేకపోతే ప్యాంటు చైన్‌లో ఇరుక్కుంటుంది, వానాకాలం వీపంతా బురద. లావు టైర్లు చూసి మోసపోవద్దు, తొక్కడానికి బరువెక్కువ. వారానికోసారి గాలి కొట్టించండి, నెలకోసారి చైన్‌కు నూనె. సగం సైకిళ్లు మూలన పడేది గాలి లేకే.

క్యారేజీ కూడా వేయించండమ్మా. ఈ కాలం సైకిళ్లకు ఉండదు, విడిగా బిగిస్తారు. ఎందుకంటారా? పక్కింటి పిల్లాణ్ణి ఎక్కించుకోవద్దూ మరి. ఆ వెనక ఎవరో చెయ్యెత్తారు. ఏమిటండీ? బెల్లు మూతల సంగతా? రండి, మైకు దగ్గరికి వచ్చి చెప్పండి.